బర్గరు విహారములు – జపాను ఇంటివంట

భోజనప్రియులు రెండు తెగలవారు. ఊరిలో ఏ వీధిలో ఏ పదార్థము రుచిగా దొరకునో వెదకి, అచటికి పోయి తినివచ్చువారు ఒక తెగ. తిన్నదానిని ఇంటికి వచ్చి వండి చూచువారు రెండవ తెగ. మేము మొదటి తెగలో పుట్టి, కాలక్రమమున రెండవ తెగలో చేరినవారము. ఈ మార్పు మాకు జపాను దేశమున కలిగినది. దానికి కారణమేమో, అందువలన మేము నేర్చినదేమో శ్రోతలకు విన్నవించుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

టోక్యో నగరపు తూర్పుభాగమున ఎదొగావా అను వార్డు కలదు. అందులో నిషి-కసాయ్ అను పేటలో భారతీయ కుటుంబములు పెక్కు నివసించుచున్నవి. కంప్యూటరు ఉద్యోగములకై 1990వ దశకము చివర వచ్చినవారితో ఈ కాపురములు పెరిగినవి. అచట తెలుగు మాట వినబడని సాయంకాలము ఉండదు. మేమును ఆ పేటలోనే కొన్ని సంవత్సరములు కాపురముంటిమి. శనివారము వచ్చినదన్న పిల్లలను వెంటబెట్టుకొని రైలెక్కి ఒక్కొక్క వారము ఒక్కొక్క బర్గరు అంగడికి పోవుట మా ఇంట ఆచారముగా ఉండెడిది. మా ఇంట గొడ్డుమాంసము వాడుక లేదు గనుక కోడి, చేప, రొయ్య – వీనితో చేసిన బర్గర్లనే ఎంచుకొనెడివారము. జపానులో వీనికి కొరత లేదు.

హాంబర్గరు అను పేరులో 'హామ్' అను శబ్దము విని అది పందిమాంసమని కొందరు భ్రమపడుదురు. నిజమునకు అది జర్మనీ దేశపు హాంబుర్గు రేవుపట్టణము పేరు. పంతొమ్మిదవ శతాబ్దమున అమెరికాకు వలసపోయిన జర్మనులతో 'హాంబర్గు స్టేకు' అను ఖీమా వంటకము ఆ దేశము చేరినది. దానిని రొట్టె నడుమ మొట్టమొదట పెట్టినది తామే యని అమెరికాలోని నాలుగైదు ఊళ్లు నేటికిని వాదులాడుచునే యున్నవి. వివాదము లేని సంగతి యేమనగా, 1921వ సంవత్సరమున కాన్సాస్ రాష్ట్రములోని విచిటా నగరమున వైట్ కాజిల్ అను సంస్థ ఒక్కొక్కటి 5 సెంట్ల చొప్పున చిన్న బర్గర్లను అమ్మజొచ్చినది. 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్డొనాల్డ్ సోదరులు తమ వంటశాలను కర్మాగారమువలె అమర్చి, 15 సెంట్లకు బర్గరును నిమిషములలో చేతికందించిరి. 1955లో రే క్రాక్ అను వర్తకుడు ఇల్లినాయి రాష్ట్రమున తన మొదటి శాఖను తెరచి, ఆ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసెను. భారతదేశమునకు ఆ సంస్థ 1996లో వచ్చినది. గొడ్డుమాంసము లేని బర్గర్లతో అది తెరచిన మొదటి అంగడి ఢిల్లీలోనిదే.

జపానులో బర్గరు కథ మరియొక విధముగా నడచినది. నాగసాకి ప్రాంతమున సాసెబో అను రేవులో అమెరికా నౌకాదళపు స్థావరము కలదు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఆ నావికులకొరకు వెలసిన చిన్న దుకాణములలో బర్గరు మొదట జపాను వంటవారి చేతికి వచ్చినది. నేటికిని సాసెబో బర్గరనిన, ఆజ్ఞ ఇచ్చిన పిమ్మటనే చేసి యిచ్చునదని ప్రసిద్ధి. 1971 జులై 20వ తేదీన టోక్యోలోని గింజా వీధిలో, మిత్సుకోషి అను పెద్ద అంగడి క్రిందిభాగమున, మెక్డొనాల్డ్ మొదటి శాఖ తెరవబడినది. నడచుచు తినుట మర్యాద కాదని తలచు దేశమున, నగరమునకెల్ల మేలైన వీధిలో, జనులు బర్గరు చేతబట్టుకొని తినుట ఒక వింతయే అయినది.

ఆ మరుసటి సంవత్సరము, అనగా 1972లో, టోక్యోలోని నరిమసు అను చోట మోస్ బర్గరు అను జపానీయ సంస్థ చిన్న దుకాణముతో పుట్టినది. ఇది 1973లో తెరియాకి బర్గరును, 1987లో రొట్టెకు బదులు అన్నమును బిళ్లలుగా ఒత్తి కాల్చిన బియ్యపు బర్గరును ప్రవేశపెట్టినది. పరదేశపు పదార్థమును తమ నాలుకకు లోబరచుకొనుట యన ఇదియే. 'తెరి' యనగా నిగారింపు, 'యాకి' యనగా కాల్చుట. సోయా రసము, పంచదార, మిరిన్ అను తీపి బియ్యపు మద్యము కలిపి మరిగించి, కాలిన ముక్కలపై పూసిన అద్దమువలె మెరయును. మద్యము వాడని ఇండ్లలో మిరిన్‌కు బదులు కొంచెము పంచదారయు నీరును చేర్చినచో పని జరుగును.

ఇన్ని అంగళ్లు తిరిగిన పిమ్మట మంచి బర్గరు లక్షణములు కొన్ని మాకు తేటపడినవి. పెనము బాగుగా కాగవలెను. మాంసపు బిళ్లపై ముదురు గోధుమరంగు పొర కట్టవలెను. ఆ రంగును, ఆ వాసనయు మాంసకృత్తులు చక్కెరలతో వేడివలన కలియుటచే పుట్టునని 1912లో లూయీ కామిల్ మైయార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. మన దోసె అంచు ఎర్రబడుటయు ఆ మార్పే. బిళ్లను గరిటెతో అదిమినచో రసము కారిపోయి పిప్పి మిగులును. బన్ను లోపలివైపును పెనముపై వేడి చేయవలెను. లేనిచో రసము పీల్చి మెత్తబడి చేతిలోనే విడిపోవును. కోడిమాంసపు ఖీమా అయినచో లోపల 74 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగులువరకు ఉడుకవలెను. ఖీమా చేయునప్పుడు పైనున్న సూక్ష్మజీవులు లోపలికి పోవును గనుక, పైన కాలినది చాలునను మాట దానికి వర్తించదు.

ఇట్లు మా విహారములు సాగుచుండగా మా తండ్రిగారు స్వదేశమునుండి వచ్చి మాతో ఉండజొచ్చిరి. వారు శుద్ధ శాకాహారులు. డెబ్బది యేండ్ల వయసున దేశము మారినవారు, భాష తెలియదు, వెలుపల ఒంటరిగా తిరుగుట కష్టము. మేము శనివారము బయలుదేరునప్పుడు, "మీరు వెళ్లిరండి, నాకు పెరుగన్నమున్నది" అనెడివారు. ఒకటి రెండు పర్యాయములు వెంటబెట్టుకొని పోతిమి గాని, వారు తినదగినవి వేపిన బంగాళదుంప ముక్కలు మాత్రమే. అవియును ఏ కొవ్వులో వేపినవో యని సందేహించి చేయి వెనుకకు తీసికొనెడివారు. ఇంటికి వచ్చి చూచిన, కడిగి బోర్లించిన ఒక్క కంచము, ఒక్క గ్లాసు కనబడెడివి. పిల్లలకు వారమంతయు బడి, మాకు కచేరి. నలుగురమును కలిసి కూర్చుండి తినుటకు మిగిలినది ఆ ఒక్కపూటయే. ఆ పూటనే ఇంటి పెద్దను విడిచి పోవుచున్నాము. రుచికై వెలుపలికి పోవుటలో తప్పు లేదు. కాని ఆ రుచి పంక్తిని చీల్చునప్పుడు దానికి మరియొక మార్గము వెదకవలసియే యుండును.

ఆ మార్గము మాకు పొరుగింటివారి వంటలో కనబడినది. జపానీయులు ఇంట వండుకొను భోజనము మనము హోటళ్లలో చూచు పచ్చిచేపల సుషీ కాదు. 'ఇచిజూ సన్సాయ్' – అనగా ఒక చారు, మూడు కూరలు – అనునది వారి ఇంటిభోజనపు చట్రము. అన్నము, ఊరగాయ ఎట్లును ఉండును గనుక లెక్కకు రావు. మన విస్తరిలో పప్పు, కూర, పచ్చడి, చారు ఉన్నట్లే. వాషోకు అనబడు ఈ భోజనసంప్రదాయమును 2013లో యునెస్కో సంస్థ మానవజాతి యొక్క అమూర్తవారసత్వముగా గుర్తించినది.

అన్నముతో ఆరంభించితిమి. అన్నము వండుట మనకు కొత్తగా నేర్పవలెనా యని తోచవచ్చును. కాని అచటి బియ్యము పొట్టిగింజ. అందు అమైలోసు అను పిండిపదార్థము తక్కువ గనుక ఉడికినపుడు గింజ గింజకు అంటుకొనును. చేతితో కలుపుకొని తినుటకు మనకు పొడిపొడిగా ఉండవలెను. పుడకలతో ఎత్తుటకు వారికి ముద్దగా ఉండవలెను. ఎవరి చేయి ఎట్లో వారి బియ్యమట్లు. ఆ బియ్యమును రెండు మూడు నీళ్లలో మెల్లగా కడిగి, అరగంట నానబెట్టి, ఒక పాలు బియ్యమునకు ఒకటింబావు పాలు మించకుండ నీరు పోసి, మూత తీయకుండ వండి, దించిన తరువాత మరి పది నిమిషములు మూతతోనే మ్రగ్గనీయవలెను. గంజి వార్చు పని లేదు.

తరువాతిది చారు. ఇచటనే శాకాహారికి పెద్ద చిక్కు. జపాను వంట యంతటికిని మూలమైనది 'దాషి' అను తేట రసము. దీనిని రెండు వస్తువులతో చేయుదురు. ఒకటి కొంబు అను ఎండిన సముద్రపు నాచు. ఉత్తరమున హొక్కైదో ద్వీపము దీనికి పుట్టినిల్లు. రెండవది కత్సువోబుషి, అనగా కత్సువో అను చేపను ఉడికించి, పొగబెట్టి, కొయ్యవలె గట్టిపడువరకు ఎండబెట్టి, వడ్రంగి చిత్రికపట్టినట్లు పొరలుగా చెక్కినది. చారులోనే గాక కూరలలోను, పులుసులలోను, కొన్ని ఊరగాయలలోను ఈ చేపరసము కనబడకుండ కలిసియుండును. చూపునకు కేవలము గుమ్మడికాయ కూర, లోపల చేప. కావున అచట శాకాహారి "మాంసము లేదు గదా" అని అడిగిన చాలదు. "దాషి దేనితో చేసితిరి" అని అడుగవలెను.

ఐనను దీనికి పరిష్కారము ఆ దేశపు బౌద్ధమఠములలోనే సిద్ధముగా ఉన్నది. 'షోజిన్ ర్యోరి' అను మఠభోజనమున చేప, మాంసము, గ్రుడ్డు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడ ఉండవు. మన మడివంటకు అది దూరపు చుట్టమువలె తోచును. జెన్ గురువగు దోగెన్ 1237లోనే మఠపు వంటవాని విధులను గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసెను. ఈ వంటలో చేపకు బదులు ఎండిన షీతాకె పుట్టగొడుగులను వాడుదురు. ఒక లీటరు నీటిలో 10 గ్రాముల కొంబును, నాలుగైదు ఎండు పుట్టగొడుగులను వేసి, రాత్రియంతయు చల్లని అలమారలో ఉంచిన తెల్లవారునప్పటికి లేత తేనెరంగు రసము సిద్ధమగును. పొయ్యితో పనియే లేదు. తొందరయైనచో కొంబును అరగంట నానబెట్టి సన్నని సెగపై వేడిచేసి, నీరు మరుగకముందే తీసివేయవలెను. మరిగినచో జిగురును చేదును దిగును.

ఈ రసములోని రహస్యమును 1908లో టోక్యో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కికునాయె ఇకెదా కనుగొనెను. కొంబునుండి గ్లుటామిక్ ఆమ్లపు లవణమును వేరుచేసి, తీపి, పులుపు, ఉప్పు, చేదు కాక ఐదవ రుచి యొకటి కలదని చూపి, దానికి 'ఉమామి' యని పేరిడెను. 1913లో ఆయన శిష్యుడు కొదామా ఎండుచేపలో ఇనోసినేటు అను మరియొక పదార్థమును కనిపెట్టెను. 1957లో కునినాకా అను శాస్త్రజ్ఞుడు షీతాకె పుట్టగొడుగులోని గ్వానిలేటును గుర్తించి, వీనిలో ఏ ఒక్కటియైనను గ్లుటామేటుతో కలిసినచో రుచి రెండింతలు మాత్రమే గాక అనేక రెట్లు పెరుగునని నిరూపించెను.

మన పెద్దలు షడ్రసములని ఆరు రుచులు లెక్కించిరి. మధురము, ఆమ్లము, లవణము, కటువు, తిక్తము, కషాయము. ఉమామి వీనిలో ఏదియు కాదు. ఐనను మన నాలుకకు అది క్రొత్తది కాదు. పండిన టమాటాలో గ్లుటామేటు సమృద్ధిగా ఉన్నది. బర్గరు విషయము తిరిగి తలచుకొనుడు. అందులో మాంసము ఇనోసినేటును ఇచ్చును. ముదిరిన జున్నును టమాటా రసమును గ్లుటామేటును ఇచ్చును. కనుక శనివారము మమ్ము రైలెక్కించి లాగుకొనిపోయిన రుచియు, మఠములోని సన్యాసి గిన్నెలో ఉన్న రుచియు ఒకటే తీరునవి. నాచును పుట్టగొడుగును కలిసిన చేపయొక్క లోటు తీరునని శాస్త్రమే చెప్పుచున్నది. శాకాహారి గిన్నెలోనిది తక్కువరకపు చారు కాదు.

ఆ రసములోనే మిసో చారు పెట్టితిమి. మిసో యనగా ఉడికిన సోయా గింజలను ఉప్పుతోను, కోజి అను బూజు పట్టించిన బియ్యముతోను కలిపి నెలల తరబడి పులియబెట్టిన ముద్ద. రసములో ముక్కలు ఉడికిన తరువాత పొయ్యి తగ్గించి, గరిటెలో మిసోను మెదిపి కలుపవలెను. కలిపిన పిమ్మట మరుగనీయరాదు. మరిగిన సువాసన పోవును. అంగడిలో కొనునప్పుడు మిసో డబ్బాపై వ్రాత చదువవలెను. కొన్నిటిలో ముందే చేపరసము కలిపియుందురు. మా తండ్రిగారికి నాచును, పుట్టగొడుగులను, డబ్బాపై వ్రాతను మొదట చూపించితిమి. వారు గిన్నె నెత్తి ఒక గుక్క త్రాగి, కొంతసేపు ఊరకుండి, "ఇందులో పప్పు లేదు, చింతపండు లేదు, పోపు లేదు. ఐనను చారువలెనే నాలుకను పట్టుకొనుచున్నదేమి?" అనిరి. రెండవ గిన్నెయు అడిగిరి.

క్రొత్తగా నేర్చువారు చేసికొనదగిన కూరలు మూడు చెప్పెదము. మొదటిది 'గోమా-అయె'. పాలకూరను ఒక నిమిషము వేడినీట ముంచి తీసి, చన్నీట కడిగి, గట్టిగా పిండి తరిగి, వేయించి నూరిన నువ్వులు, కొంచెము పంచదార, సోయా రసము కలుపవలెను. నువ్వులపొడి తెలిసిన తెలుగువారికి దీనిని పరిచయము చేయనక్కరలేదు. రెండవది గుమ్మడికాయ. ముక్కలను తొక్క క్రిందికి ఉండునట్లు గిన్నెలో ఒక వరుస పేర్చి, సగమెత్తు రసము పోసి, ముందు పంచదార, తరువాత సోయా రసము వేసి, గిన్నెకన్న చిన్నదగు మూతను ముక్కలమీదనే ఆనించి ఉడికింతురు. ముక్క కదలదు, చెదరదు. కొద్ది రసమే పైకి పొంగి అంతట పట్టును. బెల్లము వేసిన మన గుమ్మడికాయ పులుసు తిన్నవారికి ఇది వెంటనే నచ్చును. మూడవది అప్పటికప్పుడు చేయు ఊరగాయ. దోసకాయ ముక్కల తూకములో నూటికి 2 వంతులు ఉప్పు చేర్చి, పైన బరువుంచిన ఒక గంటలో సిద్ధము.

ఏది ముందు వేయవలెను అనుటకు వారి ఇల్లాండ్రు 'స-షి-సు-సె-సొ' అను అక్షరములను గుర్తుంచుకొందురు. పంచదార, ఉప్పు, వెనిగరు, సోయా రసము, మిసో – ఇది వరుస. తీపి ముక్కలోనికి దిగుటకు కాలము పట్టును గనుక ముందు. సువాసనగల సోయా, మిసోలు సెగకు ఓర్వవు గనుక కడపట. మన పోపులో ఆవాలు చిటపటలాడిన పిదపనే కరివేపాకు వేయుటవంటి శాస్త్రమే ఇదియు.

ఇక బర్గరు మాటయో? అది కూడ ఇంటికి వచ్చినది. జపానీయులు 'హంబాగు' అనునది బన్నులో పెట్టరు, అన్నముతో తిందురు. దానిని చేపమాంసములు లేకుండ తోఫుతో చేయవచ్చును. సోయాపాల జున్నగు తోఫును గుడ్డలో చుట్టి అరగంట బరువు క్రింద ఉంచి నీరు తీసి, వేయించిన ఉల్లిపాయ, రొట్టెపొడి, కొంచెము బంగాళదుంప పిండి, ఉప్పు, మిరియము చేర్చి బిళ్లలు చేయవలెను. ఒక చేతినుండి మరియొక చేతికి నాలుగైదుసార్లు విసరి లోపలి గాలి పోగొట్టి, నడుమ వ్రేలితో చిన్న గుంట నొక్కి, రెండువైపుల ఎర్రగా కాల్చి, తెరియాకి రసము పోసి, పైన ముల్లంగి తురుము ఉంచుదురు. మా ఇంట శనివారము ఆ బిళ్లలనే పిల్లలు బన్నులో పెట్టుకొందురు. తండ్రిగారు అన్నముతో తిందురు. పెనము ఒకటే, పంక్తి ఒకటే.

ఒక హెచ్చరిక మాత్రము చేయవలసియున్నది. జపాను వంటలో నూనె తక్కువ, ఉప్పు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్యసంస్థ రోజునకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునని చెప్పుచున్నది. ఒక గిన్నె మిసో చారులోనే ఇంచుమించు ఒకటిన్నర గ్రాము ఉండును. లేతరంగు సోయా రసము చూచి ఉప్పు తక్కువని తలంపరాదు. ముదురురంగు దానికన్న అందులోనే ఉప్పు ఎక్కువ. రక్తపుపోటు గల పెద్దలున్న ఇండ్లలో చారును రోజునకు ఒక్క గిన్నెకు పరిమితము చేసి, అందులో నీరు తగ్గించి కూరముక్కలు పెంచవలెను. దాషి చిక్కగా ఉన్నచో మిసో తక్కువైనను రుచికి లోటు రాదు.

వంటకములు దేశములు దాటుట నేటిది కాదు. 1915లో జపానుకు పోయి తలదాచుకొన్న మన స్వాతంత్ర్యవీరుడు రాస్ బిహారీ బోసు, తనకు ఆశ్రయమిచ్చిన షింజుకులోని నకమురయా అను రొట్టెల అంగడివారికి భారతీయపు కోడికూర నేర్పగా, వారు 1927లో దానిని అమ్మజొచ్చిరి. నేటికిని అది అచట దొరకుచున్నది. ఆశ్రయమునకు ప్రతిగా అతిథి యిచ్చినది తన ఇంటిరుచి.

జపానీయులు భోజనము ముగించి 'గొచిసో-సమా' అందురు. అందులోని 'చిసో' అను మాటకు పరుగులు తీయుట యని అర్థము. అతిథికొరకు వస్తువులు సమకూర్చుటకై అటునిటు పరుగెత్తినవారికి అది కృతజ్ఞత. మన పెద్దలు 'అన్నదాతా సుఖీభవ' అనునట్లే. మా తండ్రిగారు ఆ జపాను మాట ఒక్కటి నేర్చుకొనిరి. పలుకుట సరిగా రాదు. అయినను ప్రతి శనివారము చేయి కడుగుకొనుటకు ముందు అనుచునే యున్నారు.